ఖాళీ తూటాల మూట

కనాటా,
అక్టోబరు 2, 2022

అమ్మాయ్ టీనా,

మావయ్య దీవెనలు. నువ్వు ఈ దేశం వచ్చిన కొత్తలో ఫోన్ చేశావు, సంతోషం. కానీ నాకు ఫోన్లు పడవు. ఇకనుంచి ఉత్తరం రాయి. నీ తెలుగు రాత ఎలా ఉందో నాకూ తెలుస్తుంది, మీ అమ్మ రత్నకుమారి నిన్ను బడికి పంపిందో లేదో తేలిపోతుంది.

ఒక పని చెప్తాను, చేసిపెట్టాలి. నేను పిస్తోలుతో గురి కొట్టే క్లబ్బులో ఉన్నానని మీ అమ్మ చెప్పే ఉంటుంది. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక రేంజ్‌కి వెళ్తాను. తూటా పేలితే గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ఇత్తడి గుల్ల కింద పడుతుంది. ఆ గుల్లని శుభ్రం చేసి, మళ్లీ మందు, గుండు పెట్టి వాడుకోవచ్చు. దాన్ని రీలోడింగ్ అంటారు. సలోమి అత్తయ్య ఉన్నప్పుడు బేస్‌మెంట్‌లో నాకదే కాలక్షేపం. ఆవిడ పోయి ఏడాదిన్నర అయింది, కాలక్షేపం మాత్రం ఉంది.

మీ స్కార్‌బరోలో ఒక ముసలాయన వాడిన గుల్లలు అమ్ముతాడు. అడ్రసు వెనక రాశాను. తొమ్మిది ఎం.ఎం.వి ఒక సంచెడు తీసుకో. అయస్కాంతం పట్టుకెళ్లు, అంటుకుంటే ఇనుము, పక్కన పడెయ్. ఇక అసలు సంగతి. గుప్పెడు గుల్లలు చేతిలో వేసుకుని గలగలలాడించు. అన్నీ మంచివైతే గజ్జెల్లా మోగుతాయి. ఒక్కటి చీలినా చప్పుడు మూగబోతుంది. ఆ సన్న చప్పుడు నా చెవులకి ఇప్పుడు పట్టడం లేదు. పెద్ద మాటలన్నీ వినబడతాయిలే, అదొక్కటే. అందుకే కుర్రచెవులు కావాలి.

నా పేరు చెప్పకు. తెలిసినవాళ్లంటే మొహమాటపెట్టి చెత్తంతా అంటగడతాడు.

పీటర్ మావయ్య

స్కార్‌బరో,
అక్టోబరు 16, 2022

మావయ్యకి టీనా వందనాలు.

మా అమ్మ బడికి పంపింది, నేనే సరిగ్గా వెళ్లలేదు. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మీ పని అయింది. రెండు బస్సులు మారి వెళ్లాను. ముసలాయన గ్యారేజీలో బకెట్ల నిండా గుల్లలే! నేను గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడిస్తుంటే వింతగా చూశాడు. "హూ టాట్ యూ దట్?" అన్నాడు. మా ఊళ్లో గాజులు ఇలాగే చూస్తామని చెప్పాను. నిజమే కదా, గాజు చీలితే మూగగానే మోగుతుంది. నవ్వి కుర్చీ వేశాడు. చాలాసేపు కూర్చుని ఏరాను. చీలినవి పది పన్నెండు దొరికాయి.

వచ్చేటప్పుడు బస్సులో మూట ఒళ్లో పెట్టుకుని తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. బస్సు కుదిపినప్పుడల్లా గలగలమంటుంది, పక్కవాళ్లు చూస్తారు. ఇంటికొచ్చాక ఇంకో గొడవ. బేస్‌మెంట్‌లో ఆరుగురం ఉంటాం. నా పక్క మంచం వర్షిణి, కరీంనగర్ పిల్ల, మూట విప్పగానే కెవ్వుమంది. "గిదేందే, తూటాలా? నీ స్టడీ పర్మిట్ పోతది, నీతోని నాది గూడ పోతది!" అని ఒకటే ఏడుపు. చివరికి సూట్‌కేసులో పెట్టి తాళం వేశాను. ఇది నేరం కాదు కదా మావయ్యా? పిస్తోళ్ల అమ్మకాలు ఆపేస్తున్నారని ఇక్కడంతా చెప్పుకుంటున్నారు.

ఒక మాట చెప్తే నవ్వకండి. ఆ గ్యారేజీలో గుల్లలు ఏరుతున్నంతసేపూ హాయిగా అనిపించింది. కాలేజీలో, నేను పనిచేసే కాఫీ షాపులో, ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, అయినా నాతో మాట్లాడేవాళ్లుండరు. అక్కడ మాట్లాడకపోయినా బాగుంది.

మూట ఎలా పంపమంటారో రాయండి.

టీనా

కనాటా,
అక్టోబరు 30, 2022

టీనమ్మా,

గాజులతో పోల్చావు చూడు, అక్కడ నువ్వు మా ఇంటి పిల్లవనిపించావు. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నాను, నాకా ముక్క తట్టలేదు.

ఖాళీ గుల్ల ఇత్తడి ముక్కతో సమానం, నేరం లేదు, గీరం లేదు. అమ్మకాలు ఆపింది పిస్తోళ్లవి. ఆ కరీంనగర్ పిల్లకి చెప్పు, గుల్లలకి స్టడీ పర్మిట్ అక్కర్లేదు, పోదు.

నీకు సెలవు దొరికితే శనివారం ఒట్టావా బస్సెక్కి నువ్వే తేవచ్చు, మా కనాటా ఒట్టావా శివారే. పై గదిలో మంచం ఖాళీగానే ఉంది. కెవిన్ ఉన్నప్పటి గది. వాడు కాల్గరీలో ఉన్నాడు, నెలకోసారి "ఆల్ గుడ్, డాడ్?" అని మెసేజ్ పెడతాడు, నేను "ఆల్ గుడ్" అంటాను. తండ్రీ కొడుకుల సంభాషణ అంతటితో సరి. నేనేం బలవంతం చేయడం లేదు. చదువూ పనీ ఉన్నదానివి. వీలుంటేనే. మూడో శనివారం నేను ఇంట్లోనే ఉంటాను.

ఇక్కడ ఆకులన్నీ రాలిపోయాయి. ఎత్తి పోద్దామని బయటికెళ్లాను, పక్కింటాయన తన మెషీన్‌తో మా వాకిలి కూడా ఊడ్చేశాడు. చేయడానికి పనేం లేక మళ్లీ లోపలికొచ్చాను.

మావయ్య

స్కార్‌బరో,
నవంబరు 20, 2022

మావయ్యకి వందనాలు.

మీ ఇత్తడి ఈపాటికి మీకు అందే ఉంటుంది. మా క్లాసులో పండు అనే అబ్బాయి నిన్న నలుగురితో కలిసి కారులో ఒట్టావా వస్తుంటే వాడి చేతికిచ్చి పంపాను. మీకు శ్రమ లేకుండా గుమ్మంలోకే తెచ్చిస్తానన్నాడు. మీ విశ్రాంతి పాడుచేయడం ఎందుకని నేను రాలేదు.

పైగా వీలూ లేదు. చదువుకునేవాళ్లు వారానికి ఇరవై గంటలే పనిచేయాలన్న రూల్ తీసేశారు కదా, మా మేనేజర్ షిఫ్టులు కుమ్మరిస్తున్నాడు. వద్దంటే ఇంకోసారి పిలవడు. కాళ్లు వాచిపోయాయి.

మూట విప్పి చూడండి, ఆశ్చర్యపోతారు! గుల్లలు మసిబట్టి ఉన్నాయని నేనే తోమాను. మన రేపల్లె చర్చిలో క్రిస్మస్ ముందు కొవ్వొత్తుల స్టాండ్లు అమ్మా నేనూ చింతపండుతో తోమేవాళ్లం కదా, అలాగే. ఇండియన్ షాపులో చింతపండు కొని, ఉప్పు కలిపి బకెట్‌లో నానబెట్టాను. మర్నాడు తీద్దామంటే డబుల్ షిఫ్టు పడింది, ఆ మర్నాడు పరీక్ష. మూడోరోజు తీసి చూస్తే ఒక్కటీ మసి లేదు, లేత గులాబీ రంగు వచ్చాయి. వర్షిణి కూడా "మస్తున్నయే" అంది. భయం పోయింది దానికి.

మీకు నచ్చాయో లేదో రాయండి.

టీనా

కనాటా,
డిసెంబరు 4, 2022

టీనా,

మూట అందింది. పండు అనే అబ్బాయి మర్యాదస్థుడు. వండినవన్నీ వాడికే పెట్టాను. గోంగూర మాంసం రెండోసారి వడ్డించుకున్నాడు.

గులాబీ రంగు గురించి. ఇత్తడిలో రాగి, తుత్తునాగం కలిసి ఉంటాయి. పులుపులో ఉప్పు వేసి రోజుల తరబడి నానబెడితే తుత్తునాగం కరిగిపోయి రాగి రంగు తేలుతుంది. ఆ గుల్ల పైకి అందంగానే ఉంటుంది, లోపల బలం ఉండదు. అందులో మందు పెడితే పగిలి ముఖాన కొడుతుంది. కొవ్వొత్తుల స్టాండ్‌లో మందు పెట్టరు కాబట్టి రేపల్లెలో చెల్లింది. మొత్తం మూటంతా పనికిరాదు.

తిడుతున్నానని అనుకోకు. తప్పు నాది, తోమొద్దని నేను చెప్పలేదు. చింతపండుతో తోముతావని ఎవడనుకుంటాడు?

ఇంకొక్క మూట తెచ్చిపెట్టు. ఈసారి తోమకు. అదే ఆఖరిది, ఆ పైన నాకు దేంతోనూ పనుండదు. నిన్నూ అడగను, ఎవర్నీ అడగను.

క్రిస్మస్‌కి చర్చివాళ్లు వస్తారు, కేకు తింటారు, వెళ్తారు. నువ్వు వేళకి తిను.

పీటర్

స్కార్‌బరో,
జనవరి 8, 2023

మావయ్యా,

హ్యాపీ న్యూ ఇయర్ అని రాద్దామని కూర్చున్నాను, చేతులు వణుకుతున్నాయి. మీ ఉత్తరం వచ్చినప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. మూటంతా పాడుచేశానన్నదానికి కాదు. అది తెలిసినరోజు ఏడ్చాను, అయిపోయింది.

"ఆ పైన నాకు దేంతోనూ పనుండదు" అని రాశారు. అలాంటి మాట ఎవరు రాస్తారు మావయ్యా? పండుని కూర్చోబెట్టి అడిగాను. మీ ఇంట్లో పట్టపగలు కర్టెన్లన్నీ వేసి ఉన్నాయట. అత్తయ్య కోటు ఇంకా తలుపు పక్కనే వేలాడుతోందట. "పెద్దాయన సరిగ్గా తినట్లేదండీ, నేను తింటుంటే చూస్తూ కూర్చున్నారు" అన్నాడు. మీరు ఒంటరిగా ఉన్నారు, ఇంట్లో పిస్తోలు ఉంది, తూటాలకి గుల్లలు నన్ను తెమ్మంటున్నారు.

నేను తేను. మీరు తిట్టినా సరే, మా అమ్మతో చెప్పినా సరే. మీ అంతట మీరు ఆ తుపాకీ పోలీసులకి ఇచ్చేయండి. చిన్నదాన్ని, ఇలా రాయకూడదు. కానీ ఈ దేశంలో నాకు నా వాళ్లని చెప్పుకోవడానికి మీరొక్కరే ఉన్నారు. మీకేమైనా అయితే ఆ గుల్లలు ఏరిన చేతుల్ని నేనేం చేసుకోను?

వెంటనే జవాబు రాయండి. ఫోన్ చేసినా సరే.

టీనా

కనాటా,
జనవరి 17, 2023

టీనా,

ఊహలు ఎక్కువైనట్టున్నాయి. నాకేం కాలేదు. నీకు ఇష్టం లేకపోతే మానెయ్, గుల్లలు ఇంకెవరైనా తెస్తారు. నా ఇంట్లో ఏముందో, ఏం లేదో నేను ఎవరికీ చెప్పుకోవాల్సిన పని లేదు.

చదువు మీద శ్రద్ధ పెట్టు.

పీటర్

స్కార్‌బరో,
జనవరి 29, 2023

మావయ్యకి,

"ఇంకెవరైనా తెస్తారు" అన్నారుగా, ఆ ఇంకెవరూ తేకుండా చేద్దామని ముసలాయన గ్యారేజీకి వెళ్లాను. మంచులో బస్సు ఆగిపోతే సగం దూరం నడిచాను. మీ పేరు చెప్పొద్దన్నారు. చెప్పాను. "కనాటా నుంచి పీటర్ అని ఎవరొచ్చినా, ఎవర్ని పంపినా గుల్లలు అమ్మకండి, మా మావయ్య, ఆయన గురించి భయంగా ఉంది" అని బతిమాలాను.

ఆయన టోపీ తీసి పక్కన పెట్టి అసలు సంగతి చెప్పాడు. పోటీల్లో మీరూ ఆయనా పక్కపక్కన నిలబడేవాళ్లట. అత్తయ్య పోయిన కొత్తలోనే మీరు పిస్తోలుని డీలర్‌కి తిరిగిచ్చేశారట. రీలోడింగ్ మిషన్, బల్ల, గుల్లల బకెట్లు అన్నీ తీసుకెళ్లమని ఆయనకే ఇచ్చేశారట. నేను చెవి దగ్గర పెట్టుకుని ఏరినవన్నీ మీరిచ్చిన గుల్లలేనట! "యువర్ అంకుల్ హాజ్ నో గన్, డియర్" అన్నాడు. ముందు దేవుడికి దండం పెట్టుకున్నాను. తర్వాత ఒళ్లు మండిపోయింది.

ఎందుకు మావయ్యా ఈ నాటకం? ప్రతి ఆదివారం రేంజ్‌కి వెళ్తానని రాశారు. అబద్ధం. గుల్లలు కావాలన్నారు. అబద్ధం. నాతో బస్సుల్లో మూటలు మోయించారు, నా మంచం పక్కపిల్లని ఏడిపించారు, నెలరోజులు నాకు నిద్ర లేకుండా చేశారు. పనికిమాలిన పనికి ఊరంతా తిప్పారు.

సెప్టెంబరులో నేను ఫోన్ చేసి ఏమడిగానో గుర్తుందా? అద్దెకి కుదిరిన గది మోసం అయింది, సామాను కాలేజీ లాబీలో పెట్టుకుని కూర్చున్నాను. "మావయ్యా, నాలుగు రోజులు మీ ఇంటికి రానా?" అని అడిగాను. మూడుసార్లు ఫోన్ చేశాను, మూడుసార్లూ అదే అడిగాను. మూడుసార్లూ మీరు "మంచిది మంచిది, బాగా చదువుకో, అమ్మని అడిగానని చెప్పు" అని పెట్టేశారు. రావద్దంటున్నారని అర్థం చేసుకుని ఊరుకున్నాను. అమ్మకి కూడా చెప్పలేదు, అన్నాచెల్లెళ్ల మధ్య గొడవ అవుతుందని. ఇంటికి రానివ్వని మనిషి మూటలు మోయడానికి పిలిస్తే, అయినా పోనీలే పెద్దాయన అని మోశాను.

ఇక మీరు రాయక్కర్లేదు.

టీనా

కనాటా,
ఫిబ్రవరి 6, 2023

టీనమ్మా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చదివి చించెయ్.

నువ్వు ఫోన్లో ఏమన్నావో నాకు ఒక్క ముక్క వినబడలేదే తల్లీ. "మావయ్యా" అన్నది ఒక్కటే వినబడింది. చెవిటివాడి ముందు శంఖం ఊదావు నువ్వు. చెవి మిషన్ ఉంది, పెట్టుకుంటే ఈల వేస్తుందని సొరుగులో పడేశాను. వినబడలేదని చెప్పడానికి పరువు అడ్డొచ్చింది. పిల్లలు ఫోన్ చేస్తే పెద్దవాళ్లు ఏమంటారో అదే అన్నాను. ఆ వేళ నువ్వు సామానుతో లాబీలో కూర్చున్నావని నాకు ఇప్పుడే తెలిసింది. పై గది ఖాళీగా ఉంది. నాలుగు రోజులేంటి, నాలుగేళ్లు ఖాళీగా ఉంటుంది.

నీ భయం వట్టి ఊహ కాదు. అత్తయ్యని సమాధి చేసి వచ్చిన రెండోవారం, ఒక సాయంత్రం బేస్‌మెంట్‌లోకి దిగాను. అలవాటుగా బల్ల దగ్గర కూర్చున్నాను. పైనుంచి "కాఫీ పెట్టానండీ" అనే మనిషి లేదు. పిస్తోలు పెట్టె తాళం వైపు చూశాను, నన్ను చూసి నాకే భయమేసింది. పైకొచ్చి వాకిట్లో నిలబడ్డాను. మర్నాడే డీలర్‌కి ఇచ్చేశాను. ధైర్యంతో కాదు, భయంతో ఇచ్చాను. కెవిన్‌కి కూడా చెప్పలేదు. నీకు చెప్తున్నాను.

నా పక్కన నిలబడి గురి కొట్టినవాళ్లు తుపాకీ లేకపోయాక రావడం మానేశారు. వాళ్ల తప్పేం లేదు. మన మనుషులైనా అంతే, పనుంటే వస్తారు, పని లేకుండా ఒకరింటికి ఎవరెళ్తారు ఈ దేశంలో? "అమ్మాయ్, ఒక్కణ్నే ఉన్నాను, ఒకసారి వచ్చి కూర్చో" అని మేనకోడలికి ఎలా రాయను? సిగ్గేసింది. అందుకని పని కల్పించాను. నా దగ్గర ఉన్న పనల్లా ఆ ఇత్తడే, అదీ ఇచ్చేసిన ఇత్తడి. ఏరడానికి వెళ్తావు, ఎలా ఏరావో రాస్తావు, తీసుకుని వస్తావు. అంతవరకే ఆలోచించాను. మూటలు మోస్తావని, బస్సులో భయపడతావని తట్టలేదు. ఆ శనివారం బెల్లు మోగితే తలుపు తీశాను, పండు నిలబడి ఉన్నాడు.

"ఆఖరిది" అని రాసింది కూడా, ఇక నిన్ను ఇబ్బంది పెట్టకూడదనే. నేనెలా రాశానో నీ ఉత్తరం చూశాక గానీ నాకు తెలియలేదు. చేతులు వణుకుతున్నాయని రాశావు. నాకోసం ఒకరి చేతులు వణికి చాలాకాలమైంది. దానికి సంతోషించాలో ఏడవాలో తెలియక ఆ రెండు ముక్కల జవాబు రాసి పారేశాను. క్షమించమ్మా.

నీకు కోపం పోకపోయినా పర్లేదు. వేళకి తింటున్నావో లేదో మాత్రం ఒక కార్డు ముక్క రాయి.

మీ మావయ్య

స్కార్‌బరో,
ఫిబ్రవరి 15, 2023

మావయ్యకి టీనా వందనాలు.

మీ ఉత్తరం కాఫీ షాపు వెనక, పాల డబ్బాల మధ్య కూర్చుని చదివాను. బ్రేక్ అయిపోయినా లేవలేదు. మేనేజర్ వచ్చి నా ముఖం చూసి, నా బదులు తనే కౌంటర్ దగ్గరికి వెళ్లాడు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేనేమో అడిగాను, మీకు వినబడలేదు. మీరేమో అడగలేదు, నాకు అర్థం కాలేదు. ఇద్దరం కలిసి ఒక చలికాలం మొత్తం పాడుచేసుకున్నాం. నా కోపం సగం పోయింది. మిగతా సగం మీ ఎదురుగా కూర్చుని పోగొట్టుకుంటాను.

వచ్చే వారం రీడింగ్ వీక్, కాలేజీ ఉండదు. శుక్రవారం షిఫ్టు వద్దన్నాను. ఇంకోసారి పిలవకపోతే మానె. పొద్దున బస్సుకి టికెట్ తీసుకున్నాను, మధ్యాహ్నానికి ఒట్టావాలో ఉంటాను. మీరు కారు తీసుకుని రండి. చెవి మిషన్ పెట్టుకోండి, ఈల వేస్తే వేయనీ, నేను గట్టిగా మాట్లాడతాను.

పుస్తకాలు తేవడం లేదు, మూటలూ తేవడం లేదు. మీ ఇంట్లో నాకే పనీ లేదు. చర్చివాళ్లు గానీ పక్కింటాయన గానీ ఈ పిల్ల ఎందుకొచ్చిందని అడిగితే, ఏ పనీ కల్పించి చెప్పకండి మావయ్యా. ఊరికే వచ్చిందని చెప్పండి.

టీనా